రిటర్న్ గిఫ్టుగా ఫైటర్ చేప: రెండు లీటర్ల గాజు గిన్నె సరిపోతుందా?

హంద్రీ_ఒడ్డు · కర్నూలు

అందరికీ నమస్కారం. వచ్చే నెల పాప పుట్టినరోజు. పాతికమంది పిల్లలు వస్తారు. ఒక్కొక్కరికి ఒక గాజు గిన్నె, అందులో ఫైటర్ చేప, అడుగున రంగు గులకరాళ్లు, చిన్న మేత డబ్బా ఇద్దామని ఇంట్లో అనుకుంటున్నాం. గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు పడతాయి. ఫైటర్‌కు మోటారు అక్కర్లేదని, ఎంత చిన్న సీసాలోనైనా బతుకుతుందని అంగట్లో చెప్పారు. బంధువుల్లో ఒకరిద్దరు మాత్రం వద్దంటున్నారు. తెలిసినవాళ్లు కారణం కూడా చెప్పండి. మాకు మున్సిపాలిటీ నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, మిగతా వాడకమంతా బోరు నీళ్లే.

పినాకిని_అనంత · అనంతపురం

వద్దక్కా. కారణం లెక్కతో చెప్తాను.

ఫైటర్ గాలి పీలుస్తుంది, నిజమే. మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఉంటుంది, పైకొచ్చి ఒక గుటక గాలి తీసుకుని పోతుంది. అందుకే ఆక్సిజన్ లేని నీళ్లలో వేరే చేపలు చచ్చినా ఇది చావదు. జనం ఇక్కడే పొరబడతారు. ఊపిరి ఆడినంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు. తన విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను అది తప్పించుకోలేదు.

మూడు గ్రాముల లోపు బరువుండే చేపకు రోజుకు 0.05 గ్రాము మేత వేశారనుకోండి. మేతలో 40 శాతం ప్రోటీన్ అయితే అందులో నత్రజని సుమారు 3.2 మిల్లీగ్రాములు. సగం అమ్మోనియాగా బయటికొచ్చినా 1.6. రెండు లీటర్ల గిన్నెలో అది లీటరుకు 0.8 మిల్లీగ్రాములు అవుతుంది, అదీ ఒక్క రోజులో. ఇరవై లీటర్ల తొట్టిలో 0.08 మాత్రమే.

మన సీమ బోరు నీళ్లలో ఇంకో చిక్కు ఉంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే మొప్పల్ని కాలుస్తుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉంటే ఆ విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి పోతే ఆరు శాతం దాటుతుంది. అంటే అంతే మురికికి దాదాపు పది రెట్ల విషం. మన బోర్లలో 8 దగ్గర పీహెచ్ కొత్తేమీ కాదు. అదే గిన్నె, అదే చేప మెత్తటి నీళ్లున్న ఊర్లో నాలుగు రోజులు లాగితే ఇక్కడ రెండో రోజుకే మొప్పలు ఎర్రబడతాయి.

బుగ్గవంక · కడప

ఇంత లెక్క అవసరమా అండీ? ఆ చేప పుట్టిన దేశం థాయ్‌లాండ్‌లోనే తరతరాలుగా సీసాల్లో పెంచుతున్నారు. అడవిలో అయితే ఎనుము గిట్ట పడిన గుంటలో నీళ్లుంటే చాలు, అందులోనే బతుకుతుందని చెప్తారు. కడపలో ఏ సెల్‌ఫోన్ అంగడి కౌంటరు మీద చూసినా ఒక బుడ్డిలో ఫైటర్ ఉంటుంది. కోటి చేపలకు లేని కష్టం ఈ పాతిక చేపలకేనా?

కేసీ_కాలువ · కర్నూలు

బుగ్గవంక గారూ, మీరన్న రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. ఆ సగమే ఈ చేప కొంప ముంచింది.

ఇది మధ్య థాయ్‌లాండ్ వరిమళ్లలో, చిత్తడి నేలల్లో, పారని కాలువల్లో ఉండే చేప. వరిమడిలో నీళ్లు జానెడు లోతే. కానీ ఆ జానెడు లోతు ఎంత దూరం పరుచుకుని ఉంటుందో కేసీ కాలువ కింద నాట్లు వేసిన పొలం గట్టు మీద నిలబడితే కనబడుతుంది. చేప ఆ మొత్తంలో తనకంటూ ఒక చోటు కట్టుకుంటుంది. గడ్డి మొదళ్ల మధ్య తిరుగుతుంది, పురుగుల్ని, దోమ పిల్లల్ని వేటాడుతుంది. ఎండాకాలం మడి ఎండితే గుంటలో చిక్కుకుంటుంది, వాన వచ్చేదాకా ప్రాణం నిలుపుకుంటుంది. కరువులో మనిషి గంజి తాగి బతికాడని రోజూ గంజే చాలంటామా?

ఇక సీసాలు. థాయ్ భాషలో దీని పేరు ‘ప్లా కట్’, అంటే కరిచే చేప. మగవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి కాబట్టి పెంపకందారులు వేరువేరు సీసాల్లో పెట్టి మధ్యలో అట్ట అడ్డం పెడతారు. అది అమ్మేదాకా చేసే ఏర్పాటు. తరచూ నీళ్లు మారుస్తారు, ఎండిన బాదం ఆకు వేస్తారు, రోజూ చూసుకుంటారు. మనవాళ్లు సీసా ఒక్కటే తీసుకున్నారు, ఆ చాకిరీ వదిలేశారు.

1849లో కాంటర్ అనే వైద్యుడు దీని గురించి రాశాడు, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు దగ్గర నుంచి వచ్చిన చేపలే ఆయన చేతికి అందాయి. 1910లో రేగన్ అనే చేపల శాస్త్రవేత్త ఇప్పుడున్న శాస్త్రీయ నామం ‘బెట్టా స్ప్లెండెన్స్’ పెట్టాడు. 2019లో థాయ్‌లాండ్ దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడ అంత గౌరవం ఉన్న చేప మన దగ్గర కౌంటరు మీద పెన్నుల డబ్బా పక్కన కూర్చుంది.

రంగుచేపల_అంగడి · అనంతపురం

అంగడోల్ల తరఫున చెప్తా, వినండి. మాకొచ్చే ఫైటర్లు శానా వరకు మద్రాసు కొళత్తూరు నుంచి వస్తాయి. ఒక్కో చేపకు ఒక చిన్న కవరు, అందులో రెండు గుక్కల నీళ్లు. మేము వాటిని లీటరు సీసాల్లో వేస్తాము. మధ్యలో అట్ట పెట్టాల, లేకుంటే పొద్దుగూకులు ఒకదాన్నొకటి చూసి మొప్పలు విప్పి విప్పి అలిసిపోతాయి. నీళ్లు రోజు మార్చి రోజు పూర్తిగా మార్చాల. మార్చని అంగట్లో చేప సీసా అడుగున పక్కకు ఒరిగి పండుకుంటాది, తోక చివర్లు చింపిరి చింపిరి అయింటాయి. అట్లాంటి చోట కొనద్దండి.

అంగడి సీసా పది దినాల మాట, ఇంట్లో గిన్నె దాని జన్మంతా. సరిగ్గా చూసుకుంటే ఫైటరు మూడేండ్లు బతుకుతాది. గిన్నెల్లో మూడు నెలలు దాటేవి తక్కువ. గిరాకీ వచ్చి గిన్నే కావాలంటే లేదని చెప్పేది కష్టమే, ఇయ్యకుంటే పక్క అంగడికి పోతారు. కానీ అడుగు పొడవు తొట్టి, గిన్నె రెండూ పక్కపక్కన పెట్టి చేపను రెండింట్లో వేసి చూపించినామంటే శానామంది తొట్టి తీసుకుంటారు. తొట్టిలో అది ఈదుతాది, గిన్నెలో తిరుగుతాది. ఆ తేడా కండ్లకు కనపడతాది.

గడపకు_పసుపు · కడప

నాది వేరే ప్రశ్న. మా పెద్దవాళ్లు ఈశాన్యంలో చేప ఉంటే మంచిదంటారు. చేప చచ్చిపోతే ఇంటికి వచ్చే కీడును అది మోసుకుపోయిందని, దిష్టి పోయిందని, వెంటనే ఇంకోటి తెచ్చి వేయాలని అంటారు. దీనిమీద మీ అభిప్రాయం ఏమిటి? పెద్దల మాట కాదనలేక అడుగుతున్నాను.

గండి_గాలి · కడప

అమ్మా, నమ్మకం మీది, దాన్ని తీసేయమని చెప్పను. ఈశాన్యంలోనే పెట్టుకోండి, కిటికీ ఎండ నేరుగా పడకుండా మాత్రం చూసుకోండి. నాకు అభ్యంతరం రెండో భాగం మీదే. దిష్టి తీసుకుపోయింది అనగానే ఎందుకు చచ్చిందో చూసేవాళ్లు ఉండరు. మరుసటి రోజు అదే నీళ్లలోకి ఇంకోటి వస్తుంది, అదే జబ్బుతో పోతుంది. ఒక్క గిన్నెలో ఏడాదికి నాలుగైదు చేపలు పోతే, ఇంటికి అన్ని కీడులు వచ్చాయా, గిన్నెకే కీడుందా?

పోయే ముందు చేప చెప్తుంది. గది చీకటి చేసి సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి. తల వెనక, వెన్ను మీద బంగారు రంగు పొడి చల్లినట్టు మెరిస్తే అది వెల్వెట్ అనే పరాన్నజీవి. ఉప్పు రవ్వలు అంటించినట్టు విడివిడి తెల్ల చుక్కలుంటే వైట్ స్పాట్. మొప్పలు ముదురు ఎరుపులో ఉబ్బి, పైకొచ్చి గబగబా గాలి గుటకలు వేస్తుంటే అమ్మోనియాను అనుమానించాలి. రెక్కలు విప్పకుండా కడ్డీలా ముడుచుకుని మూలన ఉంటే నీళ్లు చల్లబడ్డాయా, పాడయ్యాయా అని చూడాలి. తోక అంచు నల్లగా లేదా ఎర్రగా మారి రోజురోజుకూ లోపలికి తినుకుంటూ పోతే రెక్క కుళ్లు. నిన్న రాత్రి బాగున్న తోక పొద్దున్నే గుండ్రంగా కొరికినట్టు ఊడి ఉంటే అది కుళ్లు కాదు, చేపే కొరుక్కుంది. పొడవు తోకవాటిలో ఇది ఎక్కువ. ఇరుకు చోటు, అద్దంలో తన నీడ తనకే కనబడటం దీన్ని పెంచుతాయి. గుండ్రటి గాజు గిన్నెలో ఆ రెండూ ఉన్నాయి.

కుళ్లు తొలి దశలో ఉంటే మందుకన్నా ముందు నీళ్లు. రోజూ మూడోవంతు మార్చండి, ఉష్ణోగ్రత 26 దగ్గర నిలపండి. అయోడిన్ కలపని కల్లుప్పు లీటరుకు ఒక గ్రాము చొప్పున విడిగా కరిగించి పోయండి. మార్చిన నీళ్ల మేరకే మళ్లీ ఉప్పు కలపాలి, మొత్తానికి కాదు. వారం, పది రోజుల తర్వాత ఉప్పు ఆపేయండి. తోక అంచున అద్దంలా పారదర్శకమైన సన్నటి పొర కనబడిందంటే అది కొత్తగా పెరుగుతున్న రెక్క. మచ్చ అనుకుని మందు వేయకండి.

హంద్రీ_ఒడ్డు · కర్నూలు

పాతిక గిన్నెల ఆలోచన మానేశాం. పాప కోసం ఒక్కటే, సరిగ్గా పెడదామంటున్నారు ఇంట్లో. ఎంత తొట్టి? ఎవరితో చేయించాలి? పిల్లలకు ఇవ్వడానికి బదులు ఏమివ్వొచ్చో కూడా చెప్పండి.

బురుజు_నీడ · కర్నూలు

సంతోషం అక్కా. ముందు గిఫ్టు సంగతి. అవే గాజు గిన్నెల్లో అవే రంగు గులకరాళ్లు వేసి, కణుపు కింద కోసిన మనీ ప్లాంట్ ముక్క పెట్టి ఇవ్వండి. నీళ్లు వారానికోసారి మారిస్తే చాలు.

ఇక తొట్టి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 28 లీటర్లు. పైన మూడు అంగుళాలు వదిలి తొమ్మిది అంగుళాలు నింపితే 21 వస్తుంది, రాళ్లు పోను 20 అనుకోండి. ఒక్క మగ ఫైటర్‌కు ఇదే నేను చెప్పే కనీసం. ఒకటిన్నర అడుగు పొడవు, 10 అంగుళాల వెడల్పు, 10 ఎత్తు అయితే ఇంకా మేలు, ఈత పొడవుకు సాగుతుంది. ఎత్తు మాత్రం పెంచొద్దు. పొడవు తోక చేప గాలి కోసం రోజంతా పైకీ కిందికీ తిరగాలి, లోతు ఎక్కువైతే అలిసిపోతుంది. పొడుగాటి పూలకుండీ లాంటి గాజు పాత్రలు ఇందుకే పనికిరావు.

అద్దాలు కోసే అంగట్లో 5 మిల్లీమీటర్ల గాజు అడగండి, అంచులు రుద్దించండి. సిలికాన్ విషయంలో జాగ్రత్త. బాత్రూమ్ కోసం ఫంగస్ మందు కలిపి అమ్మేది వద్దు, అది నీళ్లలోకి దిగుతుంది. అక్వేరియంకు వాడొచ్చని ట్యూబు మీద రాసి ఉండాలి. అతికించాక మూడు రోజులు ఆరనివ్వాలి. పులుపు వాసన పూర్తిగా పోవాలి. తర్వాత నిండా నీళ్లు పోసి ఒక రోజు పేపరు మీద పెట్టి చూడండి, ఏ మూల తడిసినా తెలుస్తుంది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపండి.

నీళ్లు, గాజు, రాళ్లు కలిపి 30 కిలోలు. ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టొద్దు. మన ఇళ్లలో గోడకు దిగ్గొట్టిన కడప బండ గూడు ఉంటుంది కదా, సమంగా ఉంటే అదే మంచి పీట. కింద అర అంగుళం థర్మోకోల్ షీటు వేయండి. బండ మీద ఒక ఇసుక రేణువున్నా బరువంతా అక్కడే నొక్కుతుంది, అడుగు గాజు పగిలేది అలాగే.

మూత తప్పనిసరి. ఫైటర్ ఎగురుతుంది. దోమతెరను చెక్క చట్రానికి బిగించినా చాలు, గాలి ఆడాలి. వైరు పోయే సందు వేలి మందం కన్నా పెద్దగా ఉంచొద్దు. పొద్దున్నే చేప తొట్టిలో కనబడకపోతే ముందు నేల మీద వెతుకుతాం, అది ఆ సందులోంచి పోయిందే.

ఫిల్టరుకు చిన్న స్పాంజి, చిన్న ఎయిర్ మోటారు. రెండిటి మధ్య గొట్టంలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా దిగి మోటారులోకి, అక్కడ్నుంచి ప్లగ్గులోకి వస్తాయి. గాలి తగ్గించే చిన్న కుళాయి ఇంకోటి పెట్టి, బుడగలు నెమ్మదిగా లెక్కపెట్టేలా వచ్చేదాకా తిప్పండి. చేప ఒక మూలకు కొట్టుకుపోతుంటే ఇంకా తగ్గించాలి.

ప్లాస్టిక్ మొక్కలు కొంటే ఒక పరీక్ష ఉంది. పాత నైలాన్ చీర కొంగు దానిమీద ఒకసారి లాగండి. దారం తగులుకుంటే తోక కూడా తగులుకుని చిరుగుతుంది.

పినాకిని_అనంత · అనంతపురం

నీళ్ల దగ్గర నేను అందుకుంటాను.

మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి తొట్టిలో పట్టి ఒక రోజు గాలి మోటారు పెట్టి ఉంచితే చాలావరకు పోతుంది. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన లెక్క ప్రకారం. హైపో (సోడియం థయోసల్ఫేట్) స్ఫటికాలు కొంటే ఇంకా చవక. 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి పెట్టుకోండి. 20 లీటర్ల బక్కెట్టుకు 3 మిల్లీలీటర్లు సరిపోతుంది, వారానికి మార్చే ఐదు లీటర్లకు ఒక మిల్లీలీటరు లోపే.

బోరు నీళ్లు టీడీఎస్ మీటరుతో చూడండి, కరిగిన లవణాలు ఎంతో అది చెప్తుంది. 400 లోపుంటే అలాగే వాడొచ్చు. వెయ్యి దాటితే ఆర్వో నీళ్లు కలపాలి. లెక్క తేలికే. బోరు 1200, క్యానులో వచ్చే ఆర్వో నీళ్లు 50 అయితే ఒక పాలు బోరు, మూడు పాళ్లు క్యాను కలిపితే 340 దగ్గరకు వస్తుంది. అచ్చంగా ఆర్వో నీళ్లే పోయకండి. అందులో పీహెచ్‌ను పట్టి ఉంచే ఖనిజాలు లేవు, కొన్ని వారాల్లో అది ఉన్నట్టుండి పడిపోతుంది.

ఇంకో సంగతి ఇక్కడివాళ్లకే ముఖ్యం. మన గాలి పొడిగాలి. ఎండాకాలం అడుగు తొట్టి నుంచి రోజుకు పావు నుంచి అర లీటరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే నెల తిరిగేసరికి టీడీఎస్ మొదటిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. గాజు మీద తెల్లటి గీతలు పడేది అదే. కాబట్టి ఆవిరైన దానికి ఆర్వో, మార్చేదానికి కలిపిన నీళ్లు. ఈ రెండు పనుల్ని ఒకటిగా చూడొద్దు.

చేపను మాత్రం తొట్టి వచ్చిన రోజే తేవద్దు. స్పాంజిలో బ్యాక్టీరియా పట్టాలి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిస్తూ టెస్ట్ కిట్‌తో చూడాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనబడితే తొట్టి సిద్ధం. తెలిసినవాళ్ల దగ్గర ఏళ్లుగా నడుస్తున్న, జబ్బులేని తొట్టి ఉంటే వాళ్ల స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టరుకు కట్టండి, సగం కాలం కలిసొస్తుంది. తెచ్చే దారిలో ఆరనివ్వొద్దు, ఆ తొట్టి నీళ్లలోనే తేవాలి.

తర్వాత వారానికి ఐదు లీటర్లు మార్చడమే పని. స్పాంజిని నెలకోసారి, తొట్టిలోంచి తీసిన ఆ పాత నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి మళ్లీ మొదటికొస్తుంది. చాలా ఇళ్లలో ‘శుభ్రంగా కడిగిన మూడో రోజుకే పోయింది’ అనేది ఇందుకే.

బుగ్గవంక · కడప

లెక్క ఒప్పుకుంటున్నాను. గిన్నెలో రోజూ నీళ్లు మొత్తం మారిస్తే? అప్పుడు అమ్మోనియా ఉండదు కదా.

పినాకిని_అనంత · అనంతపురం

అమ్మోనియా తగ్గుతుంది, నిజమే. కానీ రోజూ చేపను వలతో ఎత్తాలి, రోజూ కొత్త ఉష్ణోగ్రత, కొత్త పీహెచ్. వంటి మీది జిగురు పొర వల తగిలి పోతుంది, జబ్బు పట్టేది అక్కడి నుంచే. పైగా అమ్మోనియా తగ్గినంత మాత్రాన గిన్నె వేడి తగ్గదు కదండీ.

రంగుచేపల_అంగడి · అనంతపురం

వేడి గురించి నేను చెప్తా. ఫైటరుకు 24 నుంచి 28 మంచిది. మన అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతాది, రేకుల ఇంట్లో అయితే చెప్పేదే లేదు. రెండు లీటర్ల నీళ్లు గది ఎంత వేడెక్కితే అంత వేడెక్కుతాయి, రాత్రికి అంతే బిరీన చల్లారతాయి. ఇరవై లీటర్లు నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతాయి.

చల్లగా చేసే దానికి ఐసు గడ్డ వేయద్దండి, ఒక్కసారిగా పడిపోయి మళ్లీ ఎగబాకుతాది. మూత తీసి వల మాత్రం ఉంచి, చిన్న టేబుల్ ఫ్యాను నీళ్ల పైభాగం మీద గాలి తగిలేటట్ల పెట్టండి. మనది పొడిగాలి కాబట్టి రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతాది. సముద్రం పక్క ఊర్లలో ఇంత పని చేయదు. నీళ్లు ఎక్కువ ఆవిరైపోతాయి, ఆ అక్క చెప్పినట్ల ఆర్వో పోస్తూండాల.

డిసెంబరు, జనవరిలో రాత్రి 17, 18కి దిగుతాది. అప్పుడు 25 వాట్ల హీటరు, దానంతట అదే ఆగేది. నీళ్లు మార్చే పావుగంట ముందు ప్లగ్గు తీయాల. వేడి మీదున్న హీటరు నీళ్ల బయట పడితే గాజు పగులుతాది, కరెంటు నీళ్లలోకి వస్తాది.

కరెంటు పోతే చేపకు భయం లేదు, పైకొచ్చి గాలి తీసుకుంటాది. స్పాంజి బ్యాక్టీరియాకే ఇబ్బంది. నాలుగైదు గంటలు దాటితే ఆ పూట మేత వేయకండి.

కేసీ_కాలువ · కర్నూలు

ఒక విషయం విడిగా చెప్పాలి. ఫైటర్ అని పేరు పెట్టినందుకు పిల్లలు రెండు మగవాటిని ఒక సీసాలో వేసి చూస్తున్నారు. పెద్దవాళ్లు ‘కోడిపందెం లాంటిదే’ అని పక్కన నిలబడుతున్నారు. మడిలో ఓడిన చేప గడ్డిలోకి పారిపోతుంది, కొట్లాట నిమిషాల్లో తేలిపోతుంది. సీసాలో పారిపోయే దారి లేదు, అందుకే చచ్చేదాకా సాగుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని ఉంది, చేప అందులోకే వస్తుంది. వినోదం కోసం జంతువుల్ని కొట్లాడించడం 11వ సెక్షన్ కింద నేరం. అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది: కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో లేదా పాత్రలో ప్రాణిని ఉంచకూడదని. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అంత తక్కువ కాబట్టే ఎవరికీ పట్టలేదు. కానీ పాత్ర కొలత గురించి ఆలోచించాలని 1960లోనే రాసుకున్నాం.

అద్దం చూపించి మొప్పలు విప్పించడం రోజుకు రెండు మూడు నిమిషాలైతే పరవాలేదు, ఒళ్లు కదులుతుంది. అద్దం తొట్టిలోనే వదిలేయకూడదు.

గడపకు_పసుపు · కడప

గండి_గాలి గారికి ధన్యవాదాలు. ఇంట్లో ఇప్పటికే గిన్నెలో ఒకటి ఉంది, రెక్కలు ముడుచుకుని ఉంటోంది. తొట్టి చేయించడానికి వారం పడుతుంది. ఈ రాత్రికి ఏమి చేయాలి?

గండి_గాలి · కడప

ఇంట్లో 20 లీటర్ల బక్కెట్టు ఉందా అమ్మా? సబ్బు, సర్ఫు ఎప్పుడూ తగలనిది కావాలి. ఆ గిన్నెకన్నా బక్కెట్టే నయం. క్లోరిన్ తీసిన నీళ్లు 12 అంగుళాలు మించకుండా పోయండి. గిన్నె నీళ్లు, బక్కెట్టు నీళ్లు చేతితో తాకితే ఒకే వేడిలో ఉండాలి. చేపను దాని నీళ్లతోనే ఒక డబ్బాలోకి తీసుకుని, పది నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు బక్కెట్టు నీళ్లు పోస్తూ గంట సేపు ఆగండి. తర్వాత చేపను మాత్రమే అందులోకి వదలండి, పాత నీళ్లు పోయొద్దు. పైన పాత దోమతెర కట్టండి. రాలిపడి గోధుమరంగుకు ఎండిన బాదం చెట్టు ఆకు ఒకటి కడిగి వేయండి, పచ్చిది కోయొద్దు. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, చేపకు నెమ్మదిస్తుంది. మన గట్టి నీళ్లలో అది పీహెచ్‌ను పెద్దగా దించదు, ఆ ఆశతో నాలుగైదు ఆకులు వేయకండి.

ఈ రాత్రి మేత వద్దు. రేపటి నుంచి రోజూ ఐదు లీటర్లు మార్చండి, తొట్టి వచ్చేదాకా.

హంద్రీ_ఒడ్డు · కర్నూలు

మేత ఎంత వేయాలో చెప్పండి. మా అత్తమ్మ బొరుగులు, అన్నం మెతుకులు వేయొచ్చు కదా అంటున్నారు.

బురుజు_నీడ · కర్నూలు

బొరుగులు వద్దక్కా, బ్రెడ్డు కూడా. ఇది పురుగులు తినే చేప, పిండి పదార్థం సరిగ్గా అరగదు. బొరుగు నీళ్లలో ఉబ్బి అడుగున కుళ్లి, ఒక్క రాత్రిలో నీళ్లు తెల్లగా మసకబారుతాయి. ఆవాల కన్నా చిన్నగా ఉండే ఫైటర్ మేత గింజలు పొద్దున మూడు, సాయంత్రం మూడు. వారానికి ఒక రోజు ఉపవాసం. కడుపు పక్కలకు పొడుచుకొచ్చి చేప ఒరుగుతూ ఈదితే రెండు రోజులు మేత ఆపండి. పిల్లలకు డబ్బా ఇవ్వొద్దు. మాత్రలు పెట్టుకునే వారం రోజుల గడుల డబ్బా ఉంటుంది చూడండి, అందులో ఏ రోజు గింజలు ఆ రోజు గడిలో లెక్కపెట్టి పెట్టి పాపకు అదివ్వండి. గడి ఖాళీ అయిందంటే ఆ రోజుకు మేత అయిపోయినట్టు, ఇంట్లో ఇంకొకరు మళ్లీ వేయరు.

హంద్రీ_ఒడ్డు · కర్నూలు

ఆఖరుగా ఒకటి. ఇంటి పనికి తెచ్చిన బేతంచర్ల రాళ్ల ముక్కలు మిగిలాయి, రంగులు బాగున్నాయి. తొట్టి అడుగున వేయొచ్చా?

బురుజు_నీడ · కర్నూలు

పాలిష్ లేని పక్క మీద నిమ్మకాయ పిండి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. బుసబుసమని సన్నగా చప్పుడు వచ్చినా, బుడగలు కనబడినా అది సున్నపురాయి.

హంద్రీ_ఒడ్డు · కర్నూలు

పిండాను. బుడగలు వచ్చాయి, చప్పుడు కూడా వినిపించింది.

బురుజు_నీడ · కర్నూలు

అయితే వద్దు. అది నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి గట్టితనం పెంచుతుంది, మన నీళ్లకు ఇప్పటికే అది ఎక్కువ. నల్ల కడప బండ ముక్కలకూ ఇదే పరీక్ష పెట్టండి, చాలావాటికి బుడగలు వస్తాయి. ఏటి గులకరాళ్లు బుడగ రానివి ఏరి, పావుగంట ఉడకబెట్టి, ఒక అంగుళం మందం పరవండి. బేతంచర్ల ముక్కల్ని తొట్టి బయట, మనీ ప్లాంట్ గిన్నెల్లో వేసుకోవచ్చు, మొక్కకు ఇబ్బంది లేదు.

హంద్రీ_ఒడ్డు · కర్నూలు

పాతిక గిన్నెలకూ సరిపోతాయి. రేపు అద్దాల అంగడికి కొలతలు ఇస్తున్నాం, ఒకటిన్నర అడుగుదే. స్పాంజి ముక్క ఇచ్చేవాళ్లు కర్నూలులో ఎవరైనా ఉంటే చెప్పండి, తొట్టి నీళ్లలోనే పెట్టుకుని తెచ్చుకుంటాం.